దొడ్డి తలుపు ఎక్కడ?

కోస్తాలో ఒక పాత కాలేజీవాళ్ళు స్త్రీల ఆత్మకథల మీద రెండురోజుల సదస్సు పెట్టి పిలిస్తే వెళ్ళాను. కాలేజీ పేరు అనవసరం. ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు. మొదటిరోజు భోజనాలయ్యాక మమ్మల్నందరినీ కాంపౌండులోనే ఉన్న పాత బంగళా చూపించడానికి తీసుకెళ్ళారు. ఒకప్పుడు దొరల ప్రిన్సిపాళ్ళు కాపురమున్న ఇల్లు. పడిపోయే దశలో ఉంటే పూర్వవిద్యార్థులు చందాలు వేసుకుని బాగుచేయించారు. మద్రాసు పెంకులు, టేకు దూలాలు, సున్నం గచ్చు, అన్నీ చూపించి, చివరికి అసలు వింత అన్నట్టు స్నానాలగదిలోకి తీసుకెళ్ళారు.

గోడకి తలకంటే రెండు మూరల ఎత్తులో పోత ఇనుము తొట్టి. దానికి వేలాడుతూ గొలుసు, గొలుసు చివర పింగాణీ పిడి. కింద పాత ఇంగ్లీషు కమోడ్. లోపలా బయటా నీలిరంగు పూల తీగలు. చెక్క సీటుకి కొత్తగా పాలిష్ పెట్టారు. పక్కన ఇత్తడి పలక మీద దాని వయసు, ఏ దేశం నుంచి వచ్చింది, ఎవరి హయాంలో బిగించారు, ఎవరి విరాళంతో పునరుద్ధరించారు అన్నీ చెక్కి ఉన్నాయి. హెరిటేజ్ కమిటీ పెద్దాయన, రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు, గొలుసు నా చేతికిచ్చి "లాగండమ్మా, భయం లేదు. ఇలాంటి పనితనం ఇప్పుడెక్కడ చూస్తాం!" అన్నారు. లాగి వదిలాను. నీళ్ళు చిన్న జలపాతంలా దూకాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఆడవాళ్ళ టాయ్‌లెట్ ఎక్కడండీ?"

సదస్సుకి వచ్చినవాళ్ళం అరవైమంది దాకా ఆడవాళ్ళం. మెయిన్ బిల్డింగు వెనక ఒకటుందిట. తాళం వేసుంటుందిట. తాళంచెవి అటెండరు దగ్గరుంటుందిట. అటెండరు టీ తేవడానికి బజారుకి వెళ్ళాడుట. వందేళ్ళనాటి కమోడ్ గొలుసు లాగితే నీళ్ళు రావడం చూసి చప్పట్లు కొట్టిన అరవైమందిమి, ఆ గదిలోంచి బయటికొచ్చి వేపచెట్టు కింద అటెండరు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాం. స్త్రీల ఆత్మకథల్లో శరీరం గురించి నా పత్రం ఆ మధ్యాహ్నమే.

ఈ వ్యాసం ఆ వేపచెట్టు కిందే మొదలైంది. ముందే ఒక మాట చెప్పాలి. ఆ ఇనప తొట్టి మీద నాకేమీ కోపం లేదు. పాత పనిముట్లని, పాత కుళాయిలని, పాత మరుగుదొడ్లని బాగుచేసుకుని దాచుకోవడం పనిలేనివాళ్ళ పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళతో నేను లేను. అసలు మన దగ్గర చేతిపనిని, ముఖ్యంగా మురికితో ముడిపడిన చేతిపనిని చిన్నచూపు చూడటం ఎక్కడినుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. తాపీపనివాడి పేరు గోడ మీద ఉండదు. ప్లంబరు పేరు ఇంటివాళ్ళకి తెలీదు. ఏ నగరంలో పెద్ద భవనం లేచినా పైపులు బిగించేవాళ్ళలో ఒడిశా కేంద్రపాడా జిల్లా పట్టాముండై ప్రాంతంనుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తారు. తరాలుగా వాళ్ళ నైపుణ్యం అది. మనమేమో "ఆ ఒరియా అబ్బాయిని పిలవండి" అంటాం, అంతే.

ఆ తొట్టి పనితనం నిజంగానే మెచ్చుకోదగ్గది. లోపల ఒక నిలువు గొట్టం, దానిమీద బోర్లించిన బరువైన ఇనప గంట. గొలుసు లాగితే గంట పైకి లేస్తుంది. వదిలితే బరువుకి దబ్బున కిందికి పడి, తన కిందున్న నీళ్ళని గొట్టం అంచు మీంచి నెట్టేస్తుంది. ఒక్కసారి నీళ్ళు గొట్టంలోకి దిగడం మొదలైతే చాలు, ఆ ఊపుకి తొట్టిలో నీళ్ళన్నీ వాటంతటవే లాక్కుని వచ్చేస్తాయి. ఖాళీ అయ్యాక గాలి చొరబడి ఆగిపోతుంది. అరిగిపోయి కారడానికి అడుగున మూత అనేదే లేదు. అందుకే ఆ తొట్టికి ఇంగ్లండులో నీటి వృథాని అరికట్టేది అని పేరు పెట్టారు. కరెంటు లేదు, మోటారు లేదు, ఉన్నదల్లా ఎత్తూ బరువూ. కమోడ్ వెనక మెడలా వంగి ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండే వంపు గొట్టం సంగతీ అంతే. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే ఆయన పేటెంటు తీసుకున్న ఆ వంపు ఈ రోజుకీ మన ఇళ్ళల్లో దుర్గంధాన్ని ఇంట్లోకి రానివ్వకుండా ఆపుతోంది. గుప్పెడు నీళ్ళతో వేసిన తలుపు అది.

మరి గొడవ ఎక్కడ? పనితనాన్ని మెచ్చుకుంటూ పనిచేసిన వాళ్ళని చెరిపేసే పద్ధతి దగ్గర.

పాత మరుగుదొడ్ల మీద మోజుపడే ఇంగ్లీషు పుస్తకాలు కొన్నాళ్ళు వరసపెట్టి చదివాను. ఒకటే వంశవృక్షం. సర్ జాన్ హారింగ్టన్, ఎలిజబెత్ రాణిగారి జ్ఞానపుత్రుడు (గాడ్‌సన్), 1596లో తన ఫ్లష్ దొడ్డి మీద పుస్తకం అచ్చేశాడు. తర్వాత కమింగ్, 1778లో జోసెఫ్ బ్రామా, ఆ తర్వాత జార్జి జెన్నింగ్స్, థామస్ ట్వైఫర్డ్, డౌల్టన్, థామస్ క్రాపర్. క్రాపర్ అయితే ఫ్లష్ కనిపెట్టిన మహానుభావుడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కనిపెట్టలేదు. మంచి వ్యాపారి, మంచి సరుకు అమ్మాడు, తన పేరు ప్రతి తొట్టి మీదా పోత పోయించాడు. 1969లో వాలెస్ రేబర్న్ అనే ఆయన సరదాగా ఒక జీవితచరిత్ర రాస్తే, ఆ సరదా కాస్తా చరిత్ర అయి కూర్చుంది. తండ్రుల పేర్లతో నడిచే చరిత్రలో తండ్రి లేకపోతే ఒకణ్ణి తెచ్చిపెట్టుకుంటారు.

ఆ నీలిపూల సంగతి చూద్దాం. విక్టోరియా కాలపు కమోడ్ల మీద ఆ పూలు, తీగలు చూసి సేకరించేవాళ్ళు ముచ్చటపడిపోతారు. అవి ఎలా వచ్చాయి? స్టాఫర్డ్‌షైర్ కుండల ఫ్యాక్టరీల్లో రాగి రేకు మీద చెక్కిన బొమ్మకి నూనె కలిపిన కోబాల్టు రంగు పట్టించి, పల్చటి కాగితం మీద అచ్చు తీసేవారు. అచ్చు తీసేది మగవాడు. ఆ కాగితాన్ని కత్తెరతో ఆకారానికి తగ్గట్టు కత్తిరించేది ఒక చిన్న పిల్ల. కత్తిరించిన తడి కాగితాన్ని ఒకసారి కాల్చిన మట్టిపాత్ర మీద అతుకు తెలియకుండా అమర్చి, గట్టి కుచ్చు బ్రష్షుతో సబ్బు రాసి బలంగా రుద్ది రుద్ది రంగుని మట్టిలోకి ఎక్కించేది ఆడది. తర్వాత కాగితం కడిగేస్తే పూవు మిగిలేది. ఆ అతికే పనికి ఇంగ్లీషులో ఒక పేరుంది, అది తరతరాలుగా ఆడవాళ్ళ ఉద్యోగం. చదునైన పళ్ళెం మీద అతకడం వేరు, కమోడ్ లాంటి వంపులున్న వస్తువు మీద తీగ తెగకుండా, పువ్వు నలగకుండా అతకడం వేరు. లోపలి పల్లంలో, అంచు కింద, చెయ్యి దూరని చోట. ఇంట్లో గిన్నె అడుగున మసి రుద్దే మనకి ఆ భుజం నెప్పి ఎలా ఉంటుందో తెలుసు. ఆ పూల కింద ట్వైఫర్డ్ ముద్ర ఉంటుంది, డౌల్టన్ ముద్ర ఉంటుంది. పువ్వు అతికిన చెయ్యి ముద్ర ఉండదు.

అక్కడితో ఆగలేదు. ప్లంబింగ్ అన్న మాటే సీసానికి లాటిన్ పేరు ప్లంబమ్ నుంచి వచ్చింది. పాత గొట్టాలు సీసం, అతుకులు సీసం, కుండలకి నిగనిగలాడే మెరుగు ఇచ్చేది సీసం కలిపిన పూత. ఆ పూతలో పాత్రలు ముంచే చోట, ఎక్కువైన పొడి గీకి శుభ్రం చేసే చోట స్టాఫర్డ్‌షైర్‌లో పెద్దసంఖ్యలో ఆడవాళ్ళు, పడుచుపిల్లలు పనిచేశారు. కడుపునొప్పి, మణికట్టు పడిపోవడం, చూపు పోవడం, గర్భస్రావాలు, చచ్చి పుట్టిన బిడ్డలు. 1893లో ఇంగ్లండు ప్రభుత్వం మొట్టమొదటిసారి ఇద్దరు స్త్రీలని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లుగా వేసింది, మే అబ్రహాం, మేరీ పాటర్సన్. వాళ్ళూ, వాళ్ళ తర్వాత వచ్చిన స్త్రీ ఇన్‌స్పెక్టర్లూ ఈ సీసపు రోగాన్ని లెక్కలు కట్టి నమోదు చేశారు. స్త్రీల కార్మికసంఘం తరఫున గెర్ట్రూడ్ టక్‌వెల్ ఏళ్ళ తరబడి సీసం లేని పూత కోసం పోరాడింది. పాత పింగాణీ నునుపు గురించి పేజీలకి పేజీలు రాసే సేకర్తలు ఈ పేర్లు ఎందుకు రాయరు? ఆ నునుపుకి ఆ కడుపులకి సంబంధం లేదనా?

పునరుద్ధరించి పెట్టుకున్నవి ఏవో కూడా ఒకసారి చూద్దాం. స్కాట్లండులో బ్యూట్ ద్వీపం మీద రోత్‌సే రేవులో 1899లో కట్టిన పబ్లిక్ టాయ్‌లెట్లు ఉన్నాయి. పాత మరుగుదొడ్లంటే ఇష్టమున్నవాళ్ళకి అది కాశీ. ట్వైఫర్డ్ వాళ్ళ తెల్లటి పింగాణీ, నల్లటి అంచులు, రాగి గొట్టాలు, మొజాయిక్ నేల, లోపలి నీళ్ళు కనబడేలా అద్దపు పలకల తొట్లు. గోడల వెంట 14, మధ్యలో గుండ్రంగా మరో 6, మొత్తం 20 యూరినల్స్. అప్పట్లో 530 పౌన్లతో కట్టారు, 1994లో మూడు లక్షల పౌన్లు పెట్టి బాగుచేశారు. అంతా మగవాళ్ళకే. పడవ దిగిన ఆడదానికి అక్కడ చోటు లేదు. ఆడవాళ్ళకి టాయ్‌లెట్ అక్కడ కట్టింది ఆ 1994 మరమ్మతుల్లోనే. అంటే 95 ఏళ్ళు పట్టింది. లోపల మగవాళ్ళెవరూ లేనప్పుడు ఆడ సందర్శకుల్ని ఆ అందం చూడనిస్తారు.

లివర్‌పూల్‌లో ఫిల్హార్మోనిక్ అనే పాత పబ్బు ఉంది. 1900 ప్రాంతంలో పూర్తయింది. 2020లో ఇంగ్లండు దానికి కట్టడాల్లో అత్యున్నత శ్రేణి రక్షణ ఇచ్చింది. దాని మగవాళ్ళ టాయ్‌లెట్లో గులాబీరంగు పాలరాతి యూరినల్స్ ప్రపంచప్రసిద్ధం. ఆడ టూరిస్టులు తలుపు తట్టి, లోపలెవరూ లేరని తెలుసుకుని, తొంగిచూసి ఫొటో తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను, చెప్పడానికి సిగ్గెందుకు? లండన్ ఫిట్జ్‌రోవియాలో 1890లనాటి భూగర్భ మగ టాయ్‌లెట్‌ని 2013లో కాఫీహోటలు చేశారు. వరసగా ఉన్న యూరినల్స్ మధ్య పలక అమర్చి కాఫీకప్పులు పెట్టుకునే బల్లగా మార్చారు.

ఎందుకని అన్నీ మగవాళ్ళవే? జవాబు చాలా సులువు. కట్టినవి అవే కాబట్టి. లేనిదాన్ని ఎవరూ పునరుద్ధరించలేరు. మిగిలినదాన్నే వారసత్వం అంటున్నాం. ఏది కట్టలేదో, ఎందుకు కట్టలేదో ఆ ఇత్తడి పలకల మీద రాయం.

కట్టకపోవడం మరుపు వల్ల జరిగింది కాదు, పోరాడి ఆపారు. 1851లో లండన్ మహాప్రదర్శనలో జార్జి జెన్నింగ్స్ పెట్టిన మరుగుదొడ్లని 8 లక్షల 27 వేలమందికి పైగా వాడుకున్నారు, మనిషికి ఒక పెన్నీ ఇచ్చి. అవసరం ఉందని అక్కడే రుజువైంది. అయినా అర్ధశతాబ్దం తర్వాత, 1900లో, లండన్ సెయింట్ పాంక్రాస్‌లో ఒక్కటంటే ఒక్క ఆడవాళ్ళ టాయ్‌లెట్ కట్టాలంటే పెద్ద యుద్ధమైంది. నాటకకర్త బెర్నార్డ్ షా అప్పుడు అక్కడి స్థానిక పాలకమండలి సభ్యుడు. కామ్డెన్ హైస్ట్రీట్ దగ్గర, ట్రాఫిక్‌కి అడ్డమవుతుందో లేదో చూడటానికి చెక్కతో నమూనా నిలబెట్టారు. బస్సులవాళ్ళు, బళ్ళవాళ్ళు పనిగట్టుకుని వచ్చి దాన్ని గుద్దిపోయారు, అడ్డమే అని రుజువు చెయ్యడానికి. 1909లో షా దీన్ని స్త్రీల ఓటుహక్కుతో ముడిపెట్టి వ్యాసం రాశాడు. మగవాడికి యూరినల్ ఊరికే, ఆడదానికి పెన్నీ. పేదరాలికి పెన్నీ అంటే మాటలా? ఆ పెన్నీ లేనివాళ్ళ కోసం సగం ధరకి తలుపు బదులు గుడ్డ తెర కట్టిన ఇరుకు అరలు కూడా అప్పట్లో కొన్నిచోట్ల పెట్టారు. పేదరాలి మానానికి తెర చాలనుకున్నారన్నమాట. ఆ అరలని ఎవరూ పునరుద్ధరించినట్టు నేను వినలేదు. వందేళ్ళ తర్వాత, 2011లో, ముంబైలో మూత్రవిసర్జన హక్కు ఉద్యమం మొదలుపెట్టిన ఆడవాళ్ళు లేవనెత్తిన ప్రశ్న కూడా అచ్చంగా ఇదే. మగవాళ్ళకి ఉచితం, మాకు డబ్బులా? షా వ్యాసం వాళ్ళలో ఎందరు చదివారో కానీ, చదవాల్సిన అవసరం రాలేదు, బస్‌స్టాండుకి వెళితే చాలు.

ఇంతవరకూ మన పత్రికల్లో రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. స్త్రీలకి అన్యాయం జరిగింది అంటే మనమంతా తలూపుతాం. కానీ ఇక్కడ ఆగితే నేను కూడా ఆ హెరిటేజ్ కమిటీ చేసిన పనే చేసినట్టు.

వర్జీనియా వూల్ఫ్ దగ్గరికి వద్దాం. ఆడది రాయాలంటే డబ్బూ, తనదైన గదీ ఉండాలన్న మాట 1929 నుంచీ మనందరికీ మంత్రం. వూల్ఫ్ దంపతులు 1919లో పల్లెలో కొన్న మంక్స్ హౌస్‌లో కుళాయి నీళ్ళు లేవు, స్నానాలగది లేదు. తోటలో మట్టిదొడ్డి ఉండేది. 1925లో వచ్చిన రెండు పుస్తకాలు డబ్బు తెచ్చాక ఇంట్లో స్నానాలగది, ఫ్లష్ టాయ్‌లెట్లు పెట్టించుకున్నారు. ఒకటి మిసెస్ డాలోవే సంపాదన, ఇంకొకటి కామన్ రీడర్ సంపాదన అని ఆవిడ స్నేహితురాలు వీటా సాక్‌విల్-వెస్ట్‌కి ఉత్తరంలో సరదాగా రాసుకుంది. నవల రాసిన డబ్బుతో మరుగుదొడ్డి! రచయిత్రులందరం పటం కట్టించుకోవాల్సిన ఉత్తరం. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు, నాకూ ఎంతో ఇష్టం. కానీ ఆ ఫ్లష్ రాకముందు సంగతో? 2007లో అలిసన్ లైట్ వూల్ఫ్ ఇంటి పనివాళ్ళ మీద ఒక పెద్ద పుస్తకం రాసింది. అది చదివాక వంటమనిషి నెల్లీ బాక్సాల్‌ని మర్చిపోవడం కష్టం. గదిలో కూర్చుని రాసుకునే ఆవిడ మంచం కింద పాత్రని ఇంకొక ఆడమనిషి మోసుకెళ్ళి పారబోసేది. తనదైన గది ఉన్నావిడకి ఆ గదిలోంచి బయటికి మోసేవాళ్ళు కూడా ఉన్నారు.

మన దగ్గర ఇంకో మెట్టు ఉంది. ఆ మోసే చెయ్యి ఎవరిదో పుట్టకముందే రాసిపెట్టి ఉంటుంది.

ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో రాసిన 'అన్‌టచబుల్' మనం బి.ఏ.లో చదువుకుంటాం, ఎం.ఏ.లో పాఠం చెబుతాం. పాకీపని చేసే కుర్రవాడు బాఖా ఒకరోజు కథ. చివర్లో అతని ముందు మూడు దారులు కనిపిస్తాయి, క్రైస్తవం, గాంధీ, ఒక కవి చెప్పిన ఫ్లష్ మరుగుదొడ్డి. యంత్రం వస్తే మలాన్ని చేత్తో ఎత్తక్కర్లేదు, ఎత్తక్కర్లేకపోతే అంటరానితనమూ పోతుంది అన్నది ఆ మూడో దారి. నేను ఈ నవల ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చాలాకాలం ఆ మూడో దారి గురించే గట్టిగా చెప్పేదాన్ని. బాఖా చెల్లెలు సోహిని గుర్తుందా? గుడి ఆవరణలో పూజారి ఇంట్లో దొడ్డి కడగడానికి వెళ్ళి, ఆ పూజారి చేతిలో అవమానం పొందుతుంది. అరిస్తే ఆ పూజారే మైలపడ్డానని గోలపెడతాడు. నవల చివరి మూడు పరిష్కారాల్లో సోహిని ఎక్కడుంది? ఆమెకి జరిగిన దానికి ఏ గొలుసు లాగాలి? పాఠం చెప్పే నేను ఈ ప్రశ్న వేసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక ఇంటర్నల్ పరీక్ష పేపర్లో ఒక అమ్మాయి రాసింది అది. మార్కులు వెయ్యబోతూ ఆగిపోయాను.

యంత్రం రానే వచ్చింది. ఏమైంది? బెజవాడ విల్సన్ పుట్టి పెరిగిన కోలారు బంగారు గనుల పట్టణం సంగతి చూడండి. శివనసముద్రం జలపాతం నుంచి 1902లోనే అక్కడికి కరెంటు తీగలు లాగారు. తెల్ల దొరలకి క్లబ్బులు, గోల్ఫు మైదానం, చిన్న ఇంగ్లండు అని ముద్దుపేరు. అదే పట్టణంలో కూలీల లైన్లలో 1980ల దాకా చేత్తో ఎత్తి బకెట్లలో మోసే దొడ్లు ఉన్నాయి. భూమిలోపల మైళ్ళ లోతుకి పంపులు దింపిన ఇంజనీర్లకి ఒక గొట్టం వెయ్యడం చేతకాకనా? చవగ్గా మోసే మనుషులు ఉన్నారు కనక వెయ్యలేదు. అక్కడ మొదలైన విల్సన్ పోరాటం తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటివాళ్ళ తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్‌గా ఎదిగింది. మన రాష్ట్రంలో ఈ పని చేసేవాళ్ళ బతుకు మీద గీతా రామస్వామి 2005లో పుస్తకం రాశారు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం, 2014లో సుప్రీంకోర్టు తీర్పు, 2023లో మళ్ళీ తీర్పు, మురుగుకాలవలో చనిపోతే పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంపు. 2019 నుంచి 2023 దాకా సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగుకాలవల్లో 377 మంది చనిపోయారని పార్లమెంటుకి ప్రభుత్వమే చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క అది. పొడి దొడ్లలో తట్ట ఎత్తిన వాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. ఫ్లష్ వచ్చాక ఆ మలం గొట్టంలోకి వెళ్ళింది, గొట్టం చివర గుంతలోకి ఆ ఆడవాళ్ళ కొడుకులు దిగుతున్నారు. నీలిపూల కమోడ్ దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళకి గొట్టం అవతలి చివర కనిపించదు. కనిపించకుండా చెయ్యడమే దాని గొప్పతనం కదా. దుర్గంధాన్ని ఆపే ఆ నీటి తలుపు ఇంకా చాలా వాటిని ఆపింది.

మళ్ళీ ఆ బంగళాకి వస్తాను. రెండోరోజు పొద్దున్న నేను ఒక్కదాన్నే వెళ్ళాను. గది తుడుస్తున్న ఆవిడ కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, యాభై దాటి ఉంటాయి. నేను తొట్టి కేసి చూస్తుంటే "నిన్న లాగారు కదమ్మా, నీళ్ళు బాగా వచ్చాయా?" అంది నవ్వుతూ. ఆ తర్వాత చీపురుతో గోడ వైపు చూపించింది. "ఇక్కడ తలుపుండేదమ్మా. మా అత్త అందులోంచే వచ్చేదంట."

తొట్టి ఎదురుగోడ. తెల్లగా, నున్నగా, కొత్త సున్నంతో ఉంది. బయటికి వెళ్ళి చూస్తే ఆనవాలు తెలిసింది. నేలనుంచి రెండు మెట్లు మిగిలి ఉన్నాయి, పైన గోడ. ఫ్లష్ పెట్టకముందు ఆ గదిలో చెక్కపెట్టె కమోడ్ ఉండేది. లోపల పళ్ళెం. దొరలు ఇంటిలోపలి తలుపులోంచి వచ్చేవారు. పళ్ళెం తీసుకెళ్ళే మనిషి బయటి తలుపులోంచి, ఎవరి కంటా పడకుండా వచ్చి, ఎత్తుకుని వెళ్ళాలి. ఆనాటి బంగళాలు చాలావాటికి స్నానాలగదికి ఆ రెండో తలుపు ఉండేది. మన మండువా ఇళ్ళలో అయితే దొడ్డిగుమ్మం. ఫ్లష్ పెట్టిన తర్వాత కూడా ఆ తలుపు అలాగే ఉండిపోయింది, కడగడానికి ఆ మనిషి ఆ దారినే రావాలి కనక. వందేళ్ళు నిలిచిన తలుపుని మూసేసింది మన హెరిటేజ్ కమిటీ. తొట్టిని బాగుచేశారు, గొలుసు బాగుచేశారు, సీటుకి పాలిష్ పెట్టారు, తలుపుని ఇటికలతో మూసి సున్నం కొట్టారు. పాత కట్టడాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టడమే పునరుద్ధరణ అని ముందురోజు గంటసేపు ఉపన్యాసం చెప్పిన పెద్దాయనే.

దొడ్డిదారి అంటే మనకి తెలుగులో ఏం అర్థం ఉందో చూడండి. దొడ్డిదారిన ఉద్యోగం సంపాదించాడంటాం, దొడ్డిదారిన పదవిలోకి వచ్చాడంటాం. మోసం చేసినవాడిది దొడ్డిదారి. ఈవిడ అత్తగారు రోజూ వచ్చిన దారి అది. ఏం మోసం చేసిందావిడ? వీధిగుమ్మంలోంచి వచ్చినవాళ్ళు నిర్ణయించిన దారిలో వచ్చి, వాళ్ళ మలం ఎత్తుకుని అదే దారిన పోయింది. ఈ మాట నేనూ నా వ్యాసాల్లో ఎన్నోసార్లు వాడాను, వెతికితే దొరుకుతుంది.

ఈ విషయం మీద రాస్తున్నానని చెబితే ఇద్దరు స్నేహితురాళ్ళు రెండు రకాలుగా అడ్డుచెప్పారు. ఒకామె అంది, మనుషులు గుంతల్లో చచ్చిపోతుంటే పాత కమోడ్ల పూల గురించి రాస్తావా అని. దానికి నా దగ్గర జవాబుంది. ఆ పూలని మెచ్చుకునే కళ్ళే ఆ గుంతని చూడనివ్వడం లేదు కాబట్టి రాస్తున్నాను. రెండోఆమె దళిత రచయిత్రి. ఆమె అన్నది ఇంకొకటి. "నువ్వు ఆ తలుపు తెరవమంటున్నావు. తెరిచి, పలక పెట్టి, దీపం పెట్టి మా అమ్మమ్మలు నడిచిన మెట్లని టూరిస్టులకి చూపిస్తే మాకేంటి? మీకు అదంతా పనితనం. మాకు అది పని." దీనికి నా దగ్గర జవాబు లేదు. రాజుల సింహాసనంలో కమోడ్ నమూనాలు పెట్టిన మ్యూజియం 1992 నుంచి మన ఢిల్లీలోనే ఉంది, నవ్వుకుంటూ చూసి వస్తాం. మోసినవాళ్ళ తట్టలు అద్దాల వెనక పెడితే వాటినీ అలాగే చూసి వస్తామేమో. ఆమె మాట నిజం కావచ్చు. కానీ తలుపు మూసి సున్నం కొట్టడం ఆమె కోరిక మీద జరగలేదు. ఆమెని ఎవరూ అడగలేదు. ఆ గది తుడిచే ఆవిడని కూడా అడగలేదు. తెరవాలా, మూయాలా, పలక మీద ఏం రాయాలి, అసలు పలకే వద్దా అన్నది చెప్పాల్సింది వాళ్ళు. కమిటీలో వాళ్ళు ఒక్కరైనా లేరు. ఆడవాళ్ళు కూడా లేరు, ఇది చెప్పాలా?

మొహెంజొదారోలో నాలుగువేల ఏళ్ళ కిందటే మురుగుకాలవలున్నాయని గర్వంగా చెప్పుకునే మన పాఠ్యపుస్తకాల్లో, ఆ కాలవలు ఎవరు తోడేవారు అన్న ప్రశ్న పిల్లలకి ఇచ్చి చూడమని ఒకసారి టీచర్ల సమావేశంలో అన్నాను. సిలబస్‌లో లేదన్నారు.

ఊరికి వచ్చాక హెరిటేజ్ కమిటీకి ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. తొట్టి పునరుద్ధరణ చాలా బాగుంది, కృతజ్ఞతలు. ఆ గదికి రెండో తలుపు ఉండేదని మీ దగ్గరే పనిచేసే ఆవిడ చెప్పారు, బయట మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ తలుపు గురించి ఏం చెయ్యాలో ఆవిడనీ, ఆవిడ వాళ్ళనీ కూర్చోబెట్టి అడగండి. ఆవిడ ఉద్యోగం కాంట్రాక్టు నుంచి పర్మనెంటు అయ్యే సంగతి కూడా ఆ మీటింగులోనే మాట్లాడండి. ఆడవాళ్ళ టాయ్‌లెట్ తాళం తీసేయండి. ఇంతే రాశాను.

నెలరోజులకి జవాబొచ్చింది. ఆయన ఇంగ్లీషు చాలా అందంగా ఉంటుంది. నా ఆసక్తికి సంతోషమన్నారు. గోడకి సున్నం పని పూర్తయి కాంట్రాక్టరుకి బిల్లు చెల్లించేశారు కాబట్టి మళ్ళీ పగలగొట్టడం ఈ ఆర్థిక సంవత్సరంలో వీలుపడదన్నారు. సిబ్బంది విషయం కమిటీ పరిధిలోకి రాదన్నారు. బయటి రెండు మెట్లు శిథిలావస్థలో ఉండి సందర్శకులకి ప్రమాదకరంగా ఉన్నాయనీ, నేను గుర్తుచేయడం మంచిదైందనీ, వాటిని తీయించేశామనీ రాశారు.

తాళం గురించి ఉత్తరంలో ఏమీ లేదు.